వేడికి దారి చూపిన తేనెపట్టు

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో చక్రాలను తిప్పేది మహా అయితే మూడో వంతే. ఇంకో మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలిన వేడి ఇంజను ఒంట్లోనే చేరుతుంది. దానికి బయటపడే దారి లేకపోతే పిస్టన్ సిలిండర్‌కు పట్టేసి ఇంజను కొయ్యబారిపోతుంది. సొంత కారును రేసు ట్రాక్ మీద నడపాలని ముచ్చటపడే హైటెక్ సిటీ కుర్రవాణ్ణి ఇవాళ కలవరపెట్టేదీ, దాదాపు 140 ఏళ్ల కిందట కార్ల్ బెంజ్‌ను వేధించిందీ ఈ చిక్కే.

బెంజ్ 1886 జనవరి 29న పేటెంట్ కోరిన మూడు చక్రాల బండిలో సిలిండర్ చుట్టూ నీళ్లుండేవి. అవి మరిగి ఆవిరైపోతూ వేడిని తమతో తీసుకుపోయేవి. ఉపాయం మంచిదే, కానీ నీళ్లు నిలిచేవి కావు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆ రకం బండి మీదే బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. నీళ్లు దొరికిన చోటల్లా ఆగి, పోసుకుంటూ వెళ్లింది. కారు దూరప్రయాణానికి పనికొస్తుందని లోకానికి చూపించింది ఆ ఇల్లాలే. నీళ్ల సంగతి తేల్చకపోతే ఆ ప్రయాణం ఎంత కష్టమో కూడా ఆమె ప్రయాణంతోనే తెలిసింది.

తేల్చినవాడు విల్హెల్మ్ మేబాక్. పదేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగి, మరో కారు తయారీదారు గోట్లీబ్ డైమ్లర్‌కు కుడిభుజమైన మనిషి. నీళ్లను ఆవిరి కానివ్వకుండా చల్లార్చి మళ్లీ మళ్లీ తిప్పుకోవాలన్నది ఆయన పట్టుదల. 1889లో చేసిన బండిలో చట్రపు ఇనుప గొట్టాల్లోంచే నీళ్లు పారించాడు. చిన్న ఇంజనుకు అది సరిపోయింది, బలం పెరిగేకొద్దీ చాలలేదు. 1897లో సన్న గొట్టాల కట్టను నీళ్ల మధ్య అమర్చి, వాటిలోంచి గాలి పోయేలా చేశాడు. మేలు కనిపించింది. అయినా మోయాల్సిన నీళ్ల బరువు మాత్రం ఎక్కువే.

ఇంతలో 1900 మార్చి వచ్చింది. 6వ తేదీన డైమ్లర్ కన్నుమూశాడు. 30వ తేదీన ఫ్రాన్స్‌లోని నీస్ దగ్గర లా టుర్బీ కొండ రేసులో, డైమ్లర్ కంపెనీ కారు నడుపుతున్న విల్హెల్మ్ బవర్ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయాడు. కంపెనీ రేసులకు దండం పెట్టేయాలనుకుంది. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి ఒప్పుకోలేదు. తప్పు రేసుది కాదు, ఎత్తుగా, పొట్టిగా, పైబరువుతో ఉన్న కారుది అని వాదించాడు. బారుగా, వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉండే కొత్త కారు కావాలన్నాడు. దానికి తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టమన్నాడు. ఆ మొండితనమే లేకపోతే మేబాక్ తర్వాతి ఆలోచన ఇంకెన్నాళ్లు కాగితాల మీదే ఉండేదో!

35 హార్స్‌పవర్ ఇంజను, తేలికైన బండి. నీళ్ల బరువు తగ్గాలి, చల్లదనం పెరగాలి. పొగలు కక్కే అన్నాన్ని పళ్లెంలో పలచగా పరిస్తే ఇట్టే చల్లారుతుంది కదా, మేబాక్ నీళ్లనూ అలాగే పరిచాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 తేనెపట్టు గదుల్లా పక్కపక్కనే పేర్చాడు. గొట్టాల్లోంచి గాలి, వాటి సందుల్లోంచి పలచని పొరగా నీళ్లు. బండి నెమ్మదించినప్పుడు గాలిని లాగడానికి వెనక ఒక ఫ్యాన్. మొత్తానికి 9 లీటర్ల నీళ్లే చాలాయి. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ ఓపికే, అన్ని వేల గొట్టాలను చుక్క కారకుండా అతకడం!

1901 ఫిబ్రవరిలో పో నగరపు రేసులో కొత్త కారు తొలి అడుగులోనే తడబడి ఆగిపోయింది. మార్చిలో నీస్ రేసు వారంలో మాత్రం దానికి ఎదురు లేకపోయింది. తేనెపట్టు రేడియేటర్ కారు ముఖమై కూర్చుంది.

తర్వాతి తరాలు నీళ్లలో గ్లైకాల్ కలిపి, మూతకు స్ప్రింగు బిగించి ఒత్తిడి పెంచాయి. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒత్తిడి నిలిపే మంచి మూత ఉంటే ఆ గ్లైకాల్ మిశ్రమం, అంటే కూలెంట్, 120 దాటినా మరగదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లలో పెట్రోలు చుక్క లేదు, కానీ బ్యాటరీ, మోటార్ల వేడి కోసం రేడియేటర్లు ఉండనే ఉన్నాయి.

ట్రాక్‌కు వెళ్లేముందు కారు హీటెక్కుతుంటే జాడ పట్టడానికి మేబాక్ చేసిన విభజనే ఇప్పటికీ దారి చూపిస్తుంది: లోపం గాలి వైపా, నీళ్ల వైపా? దీన్ని తేల్చడానికి మన ఊళ్లోనే చక్కటి వీలుంది. సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పాకి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే దిగిందా, గాలి అందడం లేదన్నమాట. ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యూజు చూడాలి. ట్రాఫిక్‌లో బుద్ధిగా ఉండి ఔటర్ మీద వేగం పెరిగాక ఎక్కిందా, అనుమానం నీళ్ల వైపు మళ్లుతుంది: పూడిన రేడియేటర్, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్, అరిగిన వాటర్ పంపు. గాలి వైపు మట్టి పట్టిన రేకులు కూడా ఈ లక్షణమే చూపిస్తాయి, వాటిని ముందు కడిగి చూడటం తేలిక. కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలొస్తుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో మెకానిక్‌తో తేల్చుకోవాలి. ఏది చూసినా ఇంజను చల్లారాకే, వేడి మీద మూత తీస్తే మరిగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది.

ఔటర్ మీద నెగ్గిన కారు ట్రాక్ మీద నెగ్గుతుందన్న భరోసా లేదు. నూరు కిలోమీటర్ల నిలకడ వేగానికి ఇంజను తన బలంలో కొంతే వాడుతుంది. ట్రాక్ మీద ల్యాపు తర్వాత ల్యాపు దాదాపు అంతా పిండుతుంది. అందుకే తొలిసారి వెళ్లేవాళ్లు రెండు మూడు ల్యాపులకోసారి ముల్లు చూసుకోవాలి, చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి, ఇంజనును చల్లబడనిచ్చాకే ఆపాలి.