మందు తెచ్చిన ఉల్లాసము

1952వ సంవత్సరమున న్యూయార్కు నగరమునకు చెందిన స్టాటెన్ ద్వీపములో, సీ వ్యూ అను క్షయ చికిత్సాలయమున, ఇప్రోనియాజిడ్ అను క్రొత్త మందును రోగులకిచ్చి పరీక్షించుచుండిరి. మంచము పట్టినవారికి ఆకలి పుట్టెను, బరువు హెచ్చెను. అంతియే కాదు, ఊపిరితిత్తులలోని గాయములు మానకమునుపే వారికి ఎక్కడలేని హుషారు కలిగెను. వార్డులో నృత్యము చేయుచున్న రోగుల ఛాయాచిత్రము పత్రికలకు కూడ ఎక్కెను. వైద్యులు దీనిని మందువలని అవాంతరముగనే ఎంచిరి. సంతోషము అవాంతరమగుట చిత్రమే!

దీనికి కారణము తెలియవలెనన్న మనము 1928వ సంవత్సరపు కేంబ్రిడ్జికి పోవలెను. అచ్చట మేరీ హేర్ అను పరిశోధక విద్యార్థిని కాలేయములో ఒక ఎంజైమును కనుగొనెను. టైరమిన్ అను పదార్థమును అది ప్రాణవాయువు సాయమున నిర్వీర్యము చేయును. పిదప దానికి మోనో అమైన్ ఆక్సిడేజ్ అని పేరు వచ్చినది. అది మెదడులోను కలదు.

మెదడులో దానికేమి పని? నాడీకణముల నడుమ మిక్కిలి సన్నని ఎడము కలదు. సెరటోనిన్, నోరడ్రినలిన్, డోపమిన్ వంటి రసాయన దూతలు ఆ ఎడమును దాటి వార్త నందించును. వార్త చెప్పిన దూత అచ్చటనే నిలిచిపోరాదు. కావున పంపిన కణమే దానిని చాలవరకు తిరిగి లోనికి పీల్చుకొనును. ఈ సంగతిని వెల్లడించిన జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1970లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఒకడు. లోనికి వచ్చిన దూతలు కొన్ని చిన్న తిత్తులలో భద్రపడును. మిగిలినవానిని మన ఎంజైము విరిచివేయును. ఇప్రోనియాజిడ్ ఈ ఎంజైమును అడ్డగించునని 1952లోనే చికాగోలో జెల్లర్ చూపెను.

మన దేశపు సర్పగంధి వేరు దీనికి సరిగా ఎదురు సాక్ష్యము పలికినది. ఉన్మాదమునకు తరతరములుగా వాడుచు వచ్చిన ఈ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో విదేశములకు చాటెను. 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున దానినుండి రిసర్పిన్‌ను వేరుచేసిరి. రిసర్పిన్ దూతలను తిత్తులలో చేరనీయదు, చేరనివి ఎంజైము వాతబడును, నిలువ తరిగిపోవును. దీనిని పుచ్చుకొన్నవారిలో కొందరు గాఢవిషాదమున మునిగిరని ఆనాటి వైద్యులు వ్రాసిరి. అది ఎంతవరకు నిజమని తరువాతివారు శంకించిరి గాని, జంతువుల సాక్ష్యము స్పష్టము. ఉత్త రిసర్పిన్ ఇచ్చిన జంతువులు మందగించి పడియుండెను. ముందుగా ఇప్రోనియాజిడ్ ఇచ్చి పిమ్మట రిసర్పిన్ ఇచ్చినవి చురుకెక్కెను. విరుచువాడు లేడు గదా!

1957లో నేథన్ క్లైన్, అతని తోడివారు విషాదరోగులకు ఇప్రోనియాజిడ్ ఇచ్చి గుణము కనిరి. మనోవ్యాధికి మాత్రయా యని నవ్వినవారికి ఇది జవాబని మా అభిప్రాయము. కాని కాలేయము చెడుటచే 1961లో అమెరికాలో ఆ మందును మానిపించిరి. దాని జాతివే వేరు మందులు వచ్చినవి. అవి వాడువారిలో కొందరికి ఉన్నట్లుండి భరింపరాని తలనొప్పి, రక్తపుపోటు వచ్చి ప్రాణములే పోయెను. కారణము చీజు అని 1963లో లండనులో బ్లాక్‌వెల్ అను యువవైద్యుడు వ్రాసెను. చీజనగా మన ఇండ్ల జున్ను కాదు, నెలల తరబడి మాగవేసినది. అందు టైరమిన్ మెండు. మేరీ హేర్ కనుగొనిన ఎంజైము నిలిచిపోయినందున అది విరగక రక్తములో కలియుచుండెను. నేటికిని ఈ జాతి మాత్రలలో పెక్కింటితోపాటు తినకూడని పదార్థముల పట్టికను వైద్యులు రోగిచేతి కిచ్చుచున్నారు.