రిమోట్ పందెపు కారు: దుమ్ము నేలలో దాని శుభ్రత, సంరక్షణ, సవరింపు

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా, దాని చుట్టూ మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ గ్రామాలే ఉన్నాయి. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం ప్రాంతాల మాదిరిగానే ఇక్కడ వర్షం తక్కువ, ఎర్రమన్ను, గరుకు ఇసుక ఎక్కువ. ఇటువంటి నేలపై రేడియో సంకేతాలతో నడిచే పందెపు కారును, అనగా పిల్లలు 'రిమోట్ కారు' అని పిలిచే యంత్రాన్ని నడిపితే, శ్రద్ధ లేనిచోట కొద్ది వారాలలోనే అది మూలపడుతుంది. నిజమైన పందెపు కారు వేల రూపాయల ఖరీదు చేసే వస్తువు. బెంగళూరులో చదువుకునే కుమారుడో, విదేశాలలో ఉన్న బంధువో తెచ్చి ఇచ్చిన కారును కాపాడుకొనే విధానం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం అవసరం. అందులోని బ్యాటరీ విషయమైతే ఇంటి భద్రతకే సంబంధించినది. కావున ఈ వివరాలను క్రమంగా పొందుపరుస్తున్నాము.

ఆటబొమ్మ వేరు, పందెపు కారు వేరు

తిరునాళ్ళలో దొరికే రిమోట్ కారు విరిగితే పారవేయవలసినదే. పందెపు కారు అటువంటిది కాదు. దానిలోని ప్రతి మర, ప్రతి గేరు, ప్రతి బేరింగు విడిగా కొని మార్చుకోవచ్చును. జపానుకు చెందిన టామియా సంస్థ 1979లో మట్టినేలపై పరుగెత్తే నమూనా కార్లను విడుదల చేసింది. అమెరికాలో 1984లో వచ్చిన ఆర్‌సీ10 అనే కారు అల్యూమినియం చట్రంతోను, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లతోను ఈ క్రీడ తీరునే మార్చివేసింది. విద్యుత్తుతో నడిచే ఈ తరగతి కార్లకు మొదటి ప్రపంచ పోటీ 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగింది.

నేడు ప్రధానంగా రెండు పరిమాణాలు వాడుకలో ఉన్నాయి. అసలు వాహనంలో పదో వంతు ఉండేది ఒకటి, ఎనిమిదో వంతు ఉండేది మరొకటి. కొనే ముందు ఆ కారు విడిభాగాలు మన దేశంలో దొరుకునో లేదో విచారించడం మొదటి జాగ్రత్త. విడిభాగం దొరకని కారు ఎంత మంచిదైనా మనకు నిష్ప్రయోజనం.

రేడియో విషయం

పాత కార్లు 27 మెగాహెర్ట్‌జ్ తరంగాలపై నడిచేవి. ఒకే స్ఫటికం గల రెండు రిమోట్లు ఒకచోట చేరితే ఒకరి కారు మరొకరి మాట వినేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్‌జ్‌పై నడుస్తాయి గనుక ఆ చిక్కు లేదు. తక్కువ శక్తి గల పరికరాలకు ఈ తరంగాల వాడకంలో లైసెన్సు అవసరం లేదని కేంద్ర ప్రభుత్వం 2005లో నియమాలు వెలువరించింది. అవి దేశమంతటికీ వర్తిస్తాయి గనుక సరిహద్దుకు ఇవతల ఒక నియమం, అవతల ఒక నియమం అనే బాధ లేదు.

మొదట రిమోట్‌ను, పిదప కారును వెలిగించవలెను. ఆపేటప్పుడు మొదట కారును, పిదప రిమోట్‌ను ఆపవలెను. ఈ క్రమం తప్పితే ఆజ్ఞ అందని కారు ఇష్టానుసారం పరుగెత్తవచ్చు. నెలకొకసారి చక్రాలు గాలిలో ఉండేట్లు కారును ఇటుకపై నిలిపి, చక్రాలు మెల్లగా తిరుగుతుండగా రిమోట్‌ను ఆపి చూడండి. చక్రాలు వెంటనే నిలిచిపోవాలి. నిలవనిచో ఆ రక్షణ ఏర్పాటును సరిచేసే వరకు కారును బయటికి తీయరాదు. ఎనిమిదో వంతు కారు మూడు కిలోలకు పైబడిన బరువుతో ద్విచక్ర వాహనమంత వేగంగా పోగలదు. చిన్నపిల్లల కాళ్ళకు, మేకలకు, దూడలకు అది తగిలితే గాయం తప్పదు.

శుభ్రపరచే క్రమం

నడిపిన ప్రతిసారీ, అదే రోజు, కింది క్రమంలో శుభ్రపరచవలెను.

1. బ్యాటరీని పూర్తిగా విడదీయండి. పై తొడుగును, నాలుగు చక్రాలను తీయండి.

2. రంగులు వేసే మెత్తని కుంచెతోను, పాత పళ్ళ బ్రష్షుతోను పొడిగా దులపండి. తడిమట్టి అంటితే ఆరనిచ్చి దులపడమే మేలు. తడిగా తుడిస్తే ఇసుక సందులలోకి చేరుతుంది.

3. పంక్చరు అంగడిలోని గాలిని వాడదలిస్తే దూరం నుండి పట్టండి. బేరింగుపై నేరుగా గాలి కొడితే దుమ్ము లోపలికి పోతుంది, బేరింగు హద్దుమీరిన వేగంతో తిరిగి చెడుతుంది. కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

4. నీటితో కడగవద్దు. మోటారుకు, సర్వోకు, వేగ నియంత్రికకు నీరు శత్రువు. పైగా మన ప్రాంతపు బోరునీరు ఉప్పునీరు. ఆరిన తరువాత తెల్లని పొరను మిగిల్చి బేరింగులను పట్టివేస్తుంది. పై తొడుగును మాత్రం సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడవవచ్చు.

5. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వాడరాదు. అవి తొడుగును పగులజేస్తాయి, రబ్బరును ఉబ్బజేస్తాయి, నిప్పు భయమూ ఉంది.

6. చివరగా ప్రతి మరను చేతితో పరీక్షించండి. ఇనుములోకి దిగే మరలకు, ఊడిపోకుండా పట్టే జిగురును ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్కులోకి దిగే మరలకు ఆ జిగురు వేయరాదు.

నూనె ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయరాదు

మన ఇళ్ళలో యంత్రం కీచుమంటే చేతికందిన వేరుశనగ నూనో, ఆముదమో వేసే అలవాటు ఉంది. ఈ కారు విషయంలో అది పెద్ద పొరపాటు. వంటనూనె కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది. బయటికి కనిపించే గేర్లపై ఏ నూనె వేసినా దుమ్ము అంటుకొని ఆకురాయిలా పనిచేసి పళ్ళను అరగదీస్తుంది. ఆ గేర్లు పొడిగానే తిరగాలి.

బేరింగులను వేలితో తిప్పి చూడండి. నునుపుగా తిరిగితే పలుచని యంత్రపు నూనె ఒక్క చుక్క చాలును. గరగరమంటే మార్చివేయాలి. చక్రాల వద్ద ఉండే బేరింగులే ముందుగా చెడుతాయి. చెడిన బేరింగును అలాగే వదిలివేస్తే దాని ధరకు ఎన్నో రెట్లయిన మోటారు వేడెక్కి కాలిపోతుంది.

షాక్ అబ్జార్బర్లలోను, డిఫరెన్షియల్‌లోను సిలికాన్ నూనె మాత్రమే వాడాలి. ఇంజిన్ ఆయిల్ వేస్తే లోపలి రబ్బరు వలయాలు ఉబ్బి పాడవుతాయి.

గేర్ల ఎడము, మోటారు వేడి

మోటారు మొనకు ఉండే చిన్న గేరు పినియన్, దానితో కలిసే పెద్దది స్పర్ గేరు. ఈ రెంటి మధ్య పలుచని కాగితపు ముక్కను ఉంచి, గేర్లను దగ్గరకు నొక్కి, మోటారు మరలను బిగించి, ఆపై కాగితాన్ని తీసివేయండి. మిగిలే ఆ సన్నని ఎడమే సరియైనది. మరీ బిగువైతే మోటారు వేడెక్కుతుంది, వదులైతే పళ్ళు రాలిపోతాయి.

పినియన్ పళ్ళు పెరిగితే వేగం పెరుగుతుంది, మోటారుపై భారమూ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండలో ఒకటి రెండు పళ్ళు తక్కువ ఉన్న పినియన్ వాడడం వివేకం. అయిదు నిమిషాలు నడిపి ఉష్ణమాపకంతో చూస్తే మోటారు 75 డిగ్రీల సెల్సియస్ దాటరాదు. దాటితే ఆపి చల్లారనివ్వండి.

నేలకు తగిన సవరింపు

కారును ఒక అడుగు ఎత్తు నుండి వదిలి, అది కుదురుకొన్న తరువాత చట్రానికి, నేలకు మధ్య ఎత్తు కొలవాలి. పదో వంతు కారుకు 22 నుండి 25 మిల్లీమీటర్లు, ఎనిమిదో వంతు కారుకు 26 నుండి 28 మిల్లీమీటర్లతో మొదలుపెట్టవచ్చు. రాళ్ళు ఎక్కువ ఉన్నచోట మరికొంత పెంచాలి.

షాక్ అబ్జార్బర్లలో నూనె నింపిన పిదప కడ్డీని మెల్లగా పైకి కిందికి ఆడించి, గాలి బుడగలు పోయే వరకు పది నిమిషాలు నిలిపి, తరువాతనే మూత బిగించాలి. ఎండకు నూనె పలచబడుతుంది గనుక వేసవిలో కొంచెం చిక్కని నూనె అవసరమవుతుంది.

డిఫరెన్షియల్ పని ట్రాక్టరు గలవారికి సులభంగా అర్థం కాగలదు. మలుపులో లోపలి చక్రం తక్కువగా, వెలుపలి చక్రం ఎక్కువగా తిరగడానికి అది వీలు కల్పిస్తుంది. ట్రాక్టరు బురదలో దిగబడినపుడు డిఫరెన్షియల్ లాక్ తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి గదా! ఇక్కడ చిక్కని నూనె వేయడం కొంతమేరకు అటువంటిదే. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఎనిమిదో వంతు కారులో ముందు 5,000, మధ్య 5,000 నుండి 7,000, వెనుక 2,000 నుండి 3,000 అంకెల చిక్కదనం గల సిలికాన్ నూనెలతో ఆరంభించడం వాడుక.

టైర్ల విషయంలో, వదులు ఇసుక ఉన్న చెరువు నేలలో ఎడమెడముగా పొడవైన ముళ్ళున్నవి, గట్టిపడిన కళ్ళం నేలలో పొట్టి ముళ్ళు దగ్గరగా ఉన్నవి పట్టు నిలుపుతాయి.

లోపాన్ని బట్టి ఈ క్రింది మార్పులు చేసి చూడవచ్చు.

మలుపులో వెనుక భాగం జారిపోతుంటే: వెనుక స్ప్రింగును మెత్తనిదిగా మార్చాలి, లేదా వెనుక చక్రాల ముందు అంచులను మరికొంత లోపలికి తిప్పాలి.

కారు తిరగనని మొరాయిస్తుంటే: ముందు స్ప్రింగును మెత్తనిదిగా మార్చాలి.

దూకి దిగినపుడు పొట్ట నేలకు కొట్టుకుంటుంటే: షాక్ నూనెను చిక్కనిదిగా మార్చాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. దానిని నోటు పుస్తకంలో తేదీతో వ్రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే మేలు దేనివలన కలిగిందో తెలియదు.

బ్యాటరీ: అందరూ చదవవలసిన భాగం

ఈ కార్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ శక్తిమంతమైనది, అజాగ్రత్త చేస్తే మండిపోయేది. ఒక్కొక్క సెల్ పూర్తిగా నిండినపుడు 4.2 వోల్టులు. 3.2 వోల్టుల కన్నా కిందికి దిగనివ్వరాదు. వారాల తరబడి వాడనపుడు 3.8 వోల్టుల వద్ద నిలిపి భద్రపరచాలి. ప్రతి సెల్‌ను సమానంగా నింపే ప్రత్యేక ఛార్జరునే వాడాలి. మొబైల్ ఛార్జరు, మరేదైనా అడాప్టరు తగిలించడం ప్రమాదకరం. కరెంటు కోతలున్నపుడు, 12 వోల్టులు స్వీకరించే ఛార్జరైతే దానిని ట్రాక్టరు బ్యాటరీకి కలుపుకోవచ్చు. కారు బ్యాటరీని మాత్రం ట్రాక్టరు బ్యాటరీకి నేరుగా కలపరాదు.

ఛార్జింగు బండరాయిపైన, ఆరుబయట నీడలో, పెద్దల కళ్ళెదుట జరగాలి. పరుపుపై, గడ్డివాము పక్కన, పశువుల కొట్టంలో, రాత్రి నిద్రించే వేళ చేయరాదు. ఎండలో నడిపిన బ్యాటరీని చల్లారిన తరువాతనే ఛార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు, గుచ్చరాదు, పొయ్యిలోనో చెత్తకుప్పలోనో వేయరాదు. ఇసుక నింపిన మట్టికుండలో ఆరుబయట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనే చోట అప్పగించాలి. పొగ వచ్చినచో పీల్చకుండా దూరంగా తొలగి, పిల్లలను పంపివేయడం మొదటి పని. ఛార్జి చేసే చోట ఒక బక్కెట్టు ఇసుక ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలి. కొత్తగా నేర్చుకొనే పిల్లలకు 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ తగినది. వేగం తగ్గినా భయం తక్కువ.

నైట్రో ఇంధనంతో నడిచే కార్లూ ఉన్నాయి. ఆ ఇంధనంలోని మిథనాల్ విషం. దాని మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. పిల్లలున్న ఇంటికి అటువంటి కారు తగదని మా అభిప్రాయం.

ముగింపు

ఈ కారును విప్పి, తుడిచి, మరల బిగించగలిగిన పిల్లవానికి బేరింగు, గేరు, డిఫరెన్షియల్ అంటే ఏమిటో పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే తెలుస్తుంది. రేపు అతడు పొలంలో మోటారు ముందు కూర్చున్నా, ఐటీఐలో చేరినా, ఇంజినీరింగు చదివినా ఆ చేతి నేర్పు వెంట వస్తుంది. కావున కారు పాడైనపుడు పిల్లవానిని మందలించే ముందు ఒక మరచుట్టు చేతికిచ్చి, పక్కన కూర్చొని చూడవలసిందిగా తల్లిదండ్రులకు మనవి.