వేసవి పఠనము – గ్రంథముల యెంపిక

వేసవి సెలవులు వచ్చినతోడనే చదువు నెఱిగిన కుటుంబములలో నొక ప్రశ్న పుట్టును: ఈ దినములలో నేమి చదువవలయును? పాఠశాలలు మూయబడును. మధ్యాహ్నపుటెండలో వీథిలోనికి పోవ నెవ్వరికిని మనసొప్పదు. తీరిక లభించును గాని, తీరికతోపాటు వివేకము కూడ లభించునన్న నియమము లేదు. చేతికి దొరకిన పుస్తకము చదువువారు కొందఱు; పరీక్షకు వచ్చు పుస్తకము తప్ప వేఱొకటి ముట్టరాదని పిల్లలను శాసించువారు మఱికొందఱు. ఈ రెండు మార్గములును మంచివి కావు. పుస్తకము నెన్నుకొనుట యొక విద్య. ఆంధ్రులు దానిని నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది. ఆ చరిత్రము నొక్కసారి తలచుకొన్నచో మన పని సులభమగును.

అచ్చుపుస్తకములు గ్రామములకు రాకపూర్వము చదువనగా ముఖ్యముగా వినుటయే. రాత్రివేళ దేవాలయమున నొక పౌరాణికుడు పద్యము చదివి యర్థము చెప్పుచుండ, ఊరివారు చుట్టును గూర్చుండి వినుచుండిరి. అక్షరము రానివారికి సైతము భారతభాగవతముల కథలు తెలియుటకు ఈ యాచారమే కారణము. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని వినువానికి తన గ్రంథము నెన్నుకొను స్వాతంత్ర్యము లేకుండెను. పౌరాణికుడు విప్పిన పుస్తకమే వాని పుస్తకము. ఆతడు చెప్పిన యర్థమే వాని యర్థము. భూగోళమును గూర్చి గాని, తన దేశచరిత్రమును గూర్చి గాని, రోగకారణములను గూర్చి గాని తెలిసికొనవలెనన్న కోరిక యెవ్వనికైన బుట్టినను తీర్చు సాధనము లేదు.

ఈ స్థితిని మార్చినది వచనము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని, 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధినిని స్థాపించిరి. వారి రాజశేఖరచరిత్రము వివేకవర్ధనిలో వెలువడి తరువాత పుస్తకరూపమున వచ్చెను. వీనివలన గలిగిన లాభము సంఘసంస్కారమునకు మాత్రమే చెందినది కాదు. పండితుని సాయము లేకయే, ఇంటిలో నొంటరిగా గూర్చుండి, ఒక గృహిణి తనంతట తాను చదివి యర్థము చేసికొనదగిన పుస్తకము తెనుగున బుట్టినది. అర్థము చెప్పువాడు నడుమ లేనప్పుడే చదువరికి తన యభిప్రాయ మేర్పడును. అభిప్రాయ మేర్పడినప్పుడే యెన్నుకొను శక్తి కలుగును.

ఈ శక్తికి భండారు అచ్చమాంబగారికంటె గొప్ప యుదాహరణము దొరకదు. ఆమె పాఠశాలలో చదివినది కాదు. చిన్నవయసుననే వివాహమై, తమ్ముడగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తన యింటనుండి చదువుకొనుచుండ, ఆయన సాయమున తానును చదువు నేర్చెను. అట్లు నేర్చిన యామె 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలను ప్రకటించెను. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజస్థాపనమునందు పాల్గొనెను. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమునందే, స్వర్గస్థురాలయ్యెను. స్త్రీలు బుద్ధిహీనులనియు, చదువువలన చెడిపోవుదురనియు వాదించువారికి ఆమె కోపముతో గాక చరిత్రముతో బదులు చెప్పెను. ఇంటిలో నొకరు చదువుచుండగా మఱియొకరిని ప్రక్కన గూర్చుండనిచ్చుట యెంత ఫలమిచ్చునో దీనివలన తెలియుచున్నది.

అక్కగారు గతించిన మఱుసటి సంవత్సరమున, అనగా 1906లో, లక్ష్మణరావుగారు హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గారలు వారికి తోడ్పడిరి. 1908లో మండలి మదరాసునకు మాఱినది. తెలుగు కుటుంబమున కే పుస్తకములు కావలయునన్న విచారమును పద్ధతిగా జేసిన సంస్థలలో దీనికి ప్రథమగణ్యమైన స్థానము కలదు.

మండలివా రెన్నుకొన్న మొదటి గ్రంథమేది? పురాణము కాదు, ప్రబంధము కాదు. హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కఱ్ఱలు నఱకు బీదయింట బుట్టి, దొరకిన కొద్ది పుస్తకములతో తన్ను తాను తీర్చిదిద్దుకొని, బానిసల విముక్తికి కారకుడైన పురుషుని కథ. పరాధీనమైన దేశమున ఈ యెంపిక యొక్క భావ మెవ్వరును వివరింప నక్కఱలేదు. రచయితయే 1908లో స్వరాజ్య పత్రికయందలి వ్యాసమునకై కారాగృహమున కేగెను.

పిదప వచ్చిన గ్రంథములను వరుసగా జూచినచో మండలివారి యుద్దేశము స్పష్టమగును. లక్ష్మణరావుగారి హిందూమహాయుగము, మహమ్మదీయమహాయుగము; చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము; ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము; రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానశాస్త్రము; కలరా, చలిజ్వరములవంటి వ్యాధులను గూర్చిన పుస్తకములు. కలరా సోకిన యూరిలో జాతర చేయుటకు మాఱుగా నీటిని కాచి త్రాగవలెనని తెలుపు పుస్తకము నొక తల్లి చదివినచో, అది యొక బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును. ఆ కాలమున గ్రంథనిర్ణయము వినోదవిషయము మాత్రమే కాదు.

అట్లని మండలివారు వినోదమును త్రోసివేయలేదు. నవలలు చదివినచో యువతీయువకుల మతి చెడునని పెద్దలు పలుకుచుండిన కాలమది. నవలలను నిషేధించుటకు మాఱుగా, మండలివారు పోటీలు పెట్టి చారిత్రకనవలలను వ్రాయించిరి. దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి విజయనగరసామ్రాజ్యము, కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, భోగరాజు నారాయణమూర్తిగారి విమలాదేవి మొదలగునవి యీ మార్గమున వెలువడినవే. కథకై పుస్తకము విప్పినవాడు కథతోపాటు కొంత చరిత్రమును గూడ గైకొని లేచును. చెడ్డపుస్తకమునకు మందు నిషేధము గాదు, మంచిపుస్తకమే యని వీరు కార్యరూపమున జూపిరి.

పుస్తకము లున్నను కొనలేనివారి మాట యేమి? ఆ పనిని గ్రంథాలయోద్యమము పూనుకొనెను. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినవి. 1914 ఏప్రిలు మాసమున, నడివేసవిలోనే, అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషివలన ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల ప్రథమసభ బెజవాడలో జరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పుస్తకములను పడవలో నెక్కించి కాలువ వెంబడి పల్లెలకు బంపిరి. ఊరు పుస్తకముకడకు రాలేనిచో పుస్తకమే ఊరికడకు పోవలెననుట వారి సిద్ధాంతము.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగినవి మూడు. మొదటిది, ఒకే జాతి పుస్తకముల నెన్నుకొనరాదు. ఒక జీవితచరిత్రము, ఒక దేశచరిత్రము, ఒక శాస్త్రగ్రంథము, ఒక నవల: ఈ నాలుగును వేసవికి చాలును. పది పుస్తకముల పట్టిక వ్రాసి రెండింటిని సగము చదువుటకంటె, నాలుగింటిని తుదిముట్ట జదువుట మేలు. రెండవది, నాలుగింటిలో నొకటియైనను చదువరి తనకు తానై యెన్నుకొన్నదిగా నుండవలెను. బాలుడు తన కిష్టమైన పుస్తకము నెన్నుకొని, అది చెడ్డదని తానే తెలిసికొన్నచో, ఆ తెలివి పెద్దల నూఱు హితోపదేశములకంటె నెక్కువకాలము నిలుచును.

మూడవది యన్నిటికంటె ముఖ్యము. వేసవి యందఱికిని సెలవు కాదు. ఇంటి మగపిల్లవాడు చల్లని గదిలో పుస్తకము పట్టుకొని పండుకొనియుండగా, వాని యక్క ఆవకాయకు కాయలు తుడుచుచు, తల్లి మిద్దెమీద వడియములు పెట్టుచు, ఎండిన యప్పడములను కాకులనుండి కాచుచుండుట నేటికిని చాల యిండ్లలో కలదు. అట్టి యింట పుస్తకముల యెంపికకు ముందు పనుల పంపకము జరుగవలెను. మగపిల్లలు కూడ కాయలు తుడువవచ్చును. ఒకరు బిగ్గరగా చదువుచుండ తక్కినవారు పనిచేయుచు వినవచ్చును. పురాణకాలక్షేపమునందలి మేలు దీనివలన నిలుచును. ఏ పుస్తకము చదువవలెనో యందఱును గలిసి నిర్ణయించుకొందురు గావున దానియందలి లోపము తొలగును.

ఆ కాలపు పుస్తకములలో పెక్కింటిని నేడు కాసు ఖర్చులేక అంతర్జాలమున జదువవచ్చును. పడవలో వచ్చు పుస్తకమునకై రేవున నిలుచుండవలసిన యవసరము లేదు. కాని సెలవులను సైతము ప్రవేశపరీక్షల శిక్షణమునకే యర్పించు నాచారము ప్రబలినది. పరీక్షకు చదివినవాడు పరీక్ష కాగానే మఱచును. తన కొఱకు చదివినవాడు తన బిడ్డలకు జెప్పును. లక్ష్మణరావుగారు చదివిన పరీక్షలను నేడెవ్వరును తలపరు. ఆయన యక్కగారికి నేర్పిన యక్షరములు మాత్రము గ్రంథమై నిలిచినవి. ఈ వేసవిలో ప్రతి గృహమునను ఒక పుస్తక మెన్నుకొనుట మాత్రమే గాక, దానిని చదువుటకు తీరిక లేనివారెవరో కనుగొని, వారికి దినమున కొక గంట సమకూర్చుదురుగాక!