విరాళపు లెక్కలకు సంకేతములు

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకమును కొట్టివేసిన పిమ్మట, మార్చి 14న ఎన్నికల సంఘము రెండు పట్టికలను ప్రకటించెను. ఒకదానిలో బాండ్లు కొన్నవారు, రెండవదానిలో వాటిని మార్చుకొన్న పార్టీలు. ఎవరి సొమ్ము ఎవరికి చేరినదో మాత్రము తెలియరాలేదు. కాని ప్రతి బాండుపైనను అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించు అక్షరాంక సంఖ్య యొకటి దాగియుండెను. కోర్టు ఆజ్ఞపై ఆ సంఖ్యలు మార్చి 21న వెలువడినవి. అప్పుడు గాని రెండు పట్టికలను జతపరచుటకు వీలు కలుగలేదు.

లెక్కలను బయటపెట్టినంత మాత్రమున చాలదని, వాటిని కలుపు గుర్తులును కావలెనని అమెరికావారు ముందే గ్రహించిరి. అచ్చటి 1971 నాటి చట్టము ఎన్నికల విరాళములను వెల్లడింపవలెనని శాసించెను. 1974 సవరణ వలన ఏర్పడిన ఫెడరల్ ఎన్నికల కమిషన్ 1975లో పని ప్రారంభించినది. ప్రతి అభ్యర్థికి అది తొమ్మిది స్థానముల గుర్తు నిచ్చును. మొదటి అక్షరము పదవిని తెలుపును: అధ్యక్షపదవికి పి, సెనేటుకు ఎస్, ప్రతినిధుల సభకు హెచ్. అభ్యర్థి పేరు ఎట్లు వ్రాసినను గుర్తు మారదు.

చిక్కంతయు దాతల వద్దనే. నేటి నియమము ప్రకారము 200 డాలర్లకు మించి యిచ్చినవారి పేరు, చిరునామా, వృత్తి, యజమాని పేరు నమోదు కావలెను. కాని దాతకు గుర్తు లేదు. ఒకే చమురు కంపెనీలో పనిచేయువారిలో ఒకరు కంపెనీ పూర్తి పేరు వ్రాయుదురు, ఒకరు పొడి అక్షరములు వ్రాయుదురు, వేరొకరు ఏ అనుబంధ సంస్థ పేరో వ్రాయుదురు. గణనయంత్రమునకు ఇవి మూడును వేర్వేరు కంపెనీలే. హాజరుపట్టీలో ఒకచోట సుబ్బారావు, మరియొకచోట ఎస్. రావు అని వ్రాసినచో ఇద్దరు విద్యార్థులైనట్లే గదా!

ఈ ముడిని విప్పినది ప్రభుత్వము కాదు. 1983లో స్థాపింపబడిన సెంటర్ ఫర్ రెస్పాన్సివ్ పాలిటిక్స్ అను సంస్థ, లారీ మేకిన్‌సన్ పూనికతో, దాతల యజమానులను వెదకి పట్టి పరిశ్రమలవారీగా అయిదు స్థానముల సంకేతము లిచ్చినది. మొదటి అక్షరము రంగమును సూచించును: ఎ వ్యవసాయము, డి రక్షణ, ఇ ఇంధనము, హెచ్ ఆరోగ్యము. పొగాకునకు ఎ1300. 1990లో వెలువడిన 'ఓపెన్ సీక్రెట్స్' అను గ్రంథము ఇట్టి వర్గీకరణ ఫలమే. 2021లో ఆ సంస్థ మరియొకదానితో విలీనమై ఆ గ్రంథనామమునే ధరించినది.

ఏ రంగమో తేలనివారికి వై అను అక్షరము. ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. ఊహించి ఏదో ఒక గడిలో వేయుటకంటె తెలియదని వ్రాయుట శాస్త్రసమ్మతము. ఇక హెచ్ గుర్తు పడిన వైద్యుడు వైద్యవృత్తి లాభము కొరకే ధనమిచ్చెనని నిశ్చయింపరాదు. అభ్యర్థి ఆయన చిన్ననాటి స్నేహితుడు కావచ్చును. అందుచేత ఈ పట్టికలను చదువునప్పుడు ఒక్క దాతను గాక, ఒకే రంగమునుండి వచ్చిన మొత్తములను చూడవలెను.