ఆల్ట్ ప్లస్ సి: చిట్టా ఆవర్జా నుంచి ట్యాలీ దాకా

బీకాం చదివే ఒక తమ్ముడు మొన్న అడిగాడు. "అన్నా, ట్యాలీలో బిల్లు కొడుతూ మధ్యలో కొత్త కస్టమర్‌ని క్రియేట్ చేయాలంటే షార్ట్‌కట్ ఏంటి?" అని. సమాధానం ఒక్క ముక్కే. పార్టీ పేరు అడిగే గడిలో ఉండి, ఆల్ట్ పట్టుకుని సి నొక్కడం. అంతే, వీడియో అయిపోయింది, మీరు వెళ్లిపోవచ్చు.

కాకపోతే ఆ రెండు మీటల వెనక ఐదొందల ఏళ్ల కథ ఒకటి ఉంది. ఆ కథ చివర్లో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పడానికే ఈ ఎపిసోడ్.

నేను డిగ్రీ అయిపోగానే విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. అక్కడ ఒక పెద్ద గుమస్తాగారు ఉండేవారు. అటక మీద ఆయన రాసిన పాత పుస్తకాలు ఇంకా ఉన్నాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు వరసగా రాస్తారు. ఎవరికి ఎంత సరుకు వెళ్లింది, ఎవరి దగ్గర్నుంచి ఎంత జమ అయింది అని. సాయంత్రం కూర్చుని ఆ పద్దులన్నీ ఆవర్జాలోకి ఎక్కిస్తారు. ఆవర్జాలో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. దాన్నే ఇంగ్లిష్‌లో లెడ్జర్ అంటాం. కొత్త ఖాతాదారుడు వచ్చాడంటే కొత్త పేజీ తెరవాలన్నమాట.

ఇది మన దగ్గర ఒక్కచోటే ఉన్న పద్ధతి కాదు. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఆయన ఒక లెక్కల పుస్తకం అచ్చేయించాడు. జమాఖర్చులు రాసే జంట పద్దు విధానాన్ని అచ్చులో వివరించిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. ఆయన దాన్ని కనిపెట్టలేదు, అప్పటికే అక్కడి వ్యాపారులు వాడుతున్నదాన్ని రాసిపెట్టాడు. అందులో లెడ్జర్‌కి పేర్ల అక్షరక్రమ పట్టిక ఒకటి ఉండాలంటాడు. ఎందుకు? ఎవరి పేజీ ఎక్కడుందో వెతుక్కోవడానికి. ఈ పట్టికను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఒక్క దూకు దూకి ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. లెక్కలు మెషీన్ల చేతికి వచ్చాయి. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు గళ్లు ఉండేవి. ఒక గడికి ఒక అక్షరం. మన ఇంటిపేరు, ఊరు, పేరు అన్నీ రాస్తే అక్కడికే సగం కార్డు అయిపోతుంది! అందుకని మనిషి పేరు తీసేసి నంబరు పెట్టారు. కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ కోడ్ల అలవాటు పోలేదు. ప్రతి ఖాతాకీ ఒక కోడ్. బిల్లు కొట్టాలంటే పక్కన కోడ్ల లిస్టు పెట్టుకోవాలి. కోడ్‌లో ఒక్క అంకె తప్పితే బాకీ ఇంకొకడి నెత్తిన పడుతుంది.

ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి మిల్లులకు ముడి సరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలు చూసుకోవడానికి సరైన సాఫ్ట్‌వేర్ దొరక్క, లెక్కల్లో డిగ్రీ చేసిన కొడుకు భరత్‌ని నువ్వే ఒకటి రాయమన్నారు. 1986లో బెంగళూరులో ప్యూట్రోనిక్స్ అని కంపెనీ పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ మొదటి పేరు ప్యూట్రోనిక్స్ ఫైనాన్షియల్ అకౌంటెంట్. అదే తర్వాత ట్యాలీ అయింది. 2020లో భరత్ గోయెంకాకి పద్మశ్రీ వచ్చింది.

ట్యాలీ చేసిన పెద్ద పని ఏంటంటే, ఆ కోడ్లని తీసేయడం. నంబరు అక్కర్లేదు, మనిషి పేరే కొట్టు అంది. అంటే మళ్లీ ఆవర్జా పద్ధతికే వచ్చిందన్నమాట. గుమస్తాలకి అది తొందరగా అర్థమైందంటే నాకేం ఆశ్చర్యం లేదు. తెర మీద కనిపిస్తున్నది వాళ్లకి తెలిసిన పుస్తకమే.

ఇక మీటల సంగతి. ట్యాలీ పుట్టింది డాస్ కాలంలో. అప్పట్లో చాలా కంప్యూటర్లకి మౌస్ ఉండేది కాదు, అన్నీ కీబోర్డు మీదే. అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకి ఎఫ్9, డబ్బు వస్తే ఎఫ్6, ఇస్తే ఎఫ్5. ఆల్ట్ ప్లస్ సి ఇంకా తమాషాగా ఉంటుంది. కర్సర్ ఎక్కడుంటే దాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. పార్టీ పేరు గడిలో ఉంటే క్రియేట్. డబ్బు మొత్తం వేసే గడిలో ఉంటే క్యాలిక్యులేటర్. రిపోర్టులో ఉంటే కొత్త కాలమ్. 2009లో ఈఆర్‌పీ 9 వచ్చింది, 2020లో ట్యాలీ ప్రైమ్ వచ్చి మెనూలన్నీ మారిపోయాయి. ఈ మీట మాత్రం మారలేదు.

దీనివల్ల లాభం ఎంతో కౌంటర్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. షార్ట్‌కట్ తెలియనివాడు సగం కొట్టిన బిల్లు వదిలేసి, మొదటి మెనూకి వెళ్లి, లెడ్జర్ క్రియేట్ చేసి, మళ్లీ బిల్లు మొదట్నుంచి కొట్టాలి. తెలిసినవాడు ఆల్ట్ సి నొక్కి, పేరు కొట్టి, గ్రూపు సండ్రీ డెటార్స్ అని ఇచ్చి, అడ్రసు, రాష్ట్రం, జీఎస్టీ నంబరు వేసి కంట్రోల్ ఎ కొడితే సేవ్. కర్సర్ తిరిగి బిల్లులోనే ఉంటుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ చిన్న స్క్రీన్ బరువు పెరిగింది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాత పది పాన్ నంబరు. మా కొట్టు నుంచి సరుకు గుంటూరు వెళ్తే రెండు పన్నులు, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఖమ్మం వెళ్తే ఒకటే, ఐజీఎస్టీ. తొందరలో రాష్ట్రం తప్పు కొడితే పన్నే మారిపోతుంది. నంబరు ఖాళీగా వదిలేస్తే అవతలి వ్యాపారికి రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోతుంది.

ఇప్పుడు నా తప్పు. 2018లో అనుకుంటా, దసరా ముందు కొట్టు కిటకిటలాడుతోంది. గుడివాడ నుంచి ఒక పాత ఖాతాదారుడు వచ్చారు. ఆయన కొట్టు పేరులో లక్ష్మి ఉంది. ఇంగ్లిష్‌లో లక్ష్మిని కొందరు కె ఎస్ హెచ్‌తో రాస్తారు, కొందరు ఎక్స్‌తో రాస్తారు కదా. పాత లెడ్జర్ కె తో ఉంది. నేను ఎక్స్ కొట్టాను, లిస్టులో దొరకలేదు. లేదేమో అనుకుని ఆల్ట్ సి నొక్కేశాను. పదిహేను సెకన్లు. నా స్పీడు చూసి నాకే ముచ్చటేసింది.

అలా 38,500 రూపాయల బిల్లు కొత్త లెడ్జర్‌లో పడింది. నెల తర్వాత ఆయన డబ్బు కట్టారు. ఆ జమ వేరే ఆపరేటర్ కె తో ఉన్న పాత లెడ్జర్‌లో వేశాడు. చూడండి ఏమైందో. ఒక పేజీలో ఆయన మనకి 38,500 బాకీ. ఇంకో పేజీలో మనమే ఆయనకి 38,500 ఇవ్వాలి. మొత్తం లెక్క మాత్రం పైసాతో సహా సరిపోయింది! జమ, ఖర్చు రెండూ సమానం. సాఫ్ట్‌వేర్ దృష్టిలో తప్పే లేదు. అచ్చంగా అదే పేరు రెండోసారి ఇస్తే ఒప్పుకోదు గానీ, కె కీ ఎక్స్ కీ మధ్య ఉన్నది ఒకే మనిషి అని దానికెలా తెలుస్తుంది?

బాకీల లిస్టు తీసి నేనే ఫోన్ చేశాను. "ఏవండీ, పాత బాకీ ఉండిపోయింది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం, మా కొట్టు రసీదు తీసి బల్ల మీద పెట్టారు. కొట్టు నిండా జనం. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది.

ఆయన వెళ్లాక గుమస్తాగారు నన్ను పిలిచారు. తిట్టలేదు. "అబ్బాయ్, ఆవర్జాలో కొత్త పేజీ తెరవాలంటే ముందు పేర్ల పట్టిక అంతా వెతికేవాళ్లం. అయినా అనుమానం ఉంటే సేటుగారిని అడిగేవాళ్లం. అడగకుండా తెరిచిన పేజీ లేదు" అన్నారు. పాచోలీ పట్టిక గుర్తుందా? ఆ వెతుకులాటలోనే కాపలా ఉంది. షార్ట్‌కట్ మెనూల్లో తిరిగే టైమ్‌ని తగ్గించింది, మంచిదే. దాంతోపాటు వెతికే టైమ్‌ని కూడా కోసేసింది నేను.

ఆ రోజు సాయంత్రం కూర్చుని, ఎక్స్ లెడ్జర్‌లో ఉన్న వోచర్లన్నీ ఒక్కొక్కటి తెరిచి పార్టీ మార్చాను. అప్పట్నుంచి నా పద్ధతి ఇది. మొదట పేరుతో వెతుకుతాను, తర్వాత ఊరితో, ఆ తర్వాత జీఎస్టీ నంబరు అడిగి సరిచూస్తాను. స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా ఉండే పేరైతే లెడ్జర్‌లో పేరు కింద ఉండే ఎలియాస్ గడిలో రెండోది కూడా రాసిపెడతాను. ఎటు కొట్టినా ఒకే మనిషి దొరుకుతాడు. ఇవన్నీ అయ్యాకే ఆల్ట్ సి.

కాబట్టి తమ్ముడూ, మీట నేర్చుకో, తప్పకుండా నేర్చుకో. ఇంటర్వ్యూలో అడుగుతారు కూడా.

ఆ గుడివాడ ఆయన తర్వాత కూడా మా కొట్టుకి వచ్చేవారు. నవ్వుతూనే మాట్లాడేవారు. అరువు మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నగదు ఇచ్చి, రసీదు మడిచి, ఆ నోటు పుస్తకంలో పెట్టుకుని వెళ్లేవారు.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.