పువ్వు: ఒక మాట, అనేక అర్థాలు

పువ్వు అనేది మొక్క పూసే కుసుమానికి తెలుగు పేరు. కంటిలో వచ్చే తెల్లమచ్చ, కొబ్బరికాయలో పెరిగే మెత్తటి ముద్ద, కొన్ని మసాలా దినుసులు, దీపావళి వత్తి, ఒక పిండివంట, ఒక ఎన్నికల గుర్తు కూడా ఈ పేరుతోనే పిలవబడుతున్నాయి. వీటిలో చాలావాటికి వృక్షశాస్త్రం చెప్పే పువ్వుతో చుట్టరికమే లేదు. విచ్చుకున్నట్టు కంటికి ఆనినదాన్నల్లా జనం పువ్వన్నారు. ఈ మాట చరిత్రంతా ఆ చూపు వెంటే నడిచింది.

పువ్వు, పూవు అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. సమాసాల్లో ‘పూ’ మాత్రమే మిగులుతుంది: పూదోట, పూదేనె, పూదండ. మాట ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళ, మలయాళాల్లో పూ. కన్నడంలో పాతకాలపు పూ, నేటి హూ. ఆదిలాబాదు గోండులు పుంగార్ అంటారు. దీని క్రియ ‘పూయు’. పులమడం అనే అర్థంలో ఇదే రూపంతో మరో క్రియ ఉంది. తమిళంలో ‘పూ’, ‘పూసు’ అని విడివిడిగా ఉన్నవి తెలుగులో కలిసిపోయాయి. నిజామాబాద్ జిల్లా సిరికొండలో ఎవరైనా “పసుపు పూసింది” అంటే ఆమె గడపకు పసుపు రాసిందని అర్థం కావచ్చు, చేనులో పసుపు పూతకొచ్చిందనీ కావచ్చు.

ఆ పసుపు పూత ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. జూన్‌లో నాటిన చేనులో వానాకాలం ముదిరాక ఆకుల మధ్య నుంచి కంకిలాంటిది లేస్తుంది. దూరానికి తెల్లగానో, లేత గులాబీ రంగుగానో కనిపించే రేకులు అసలు పూరేకులు కావు, రంగు తిరిగిన ఆకులు. వాటి కింది దొప్పలను వేలితో విడదీస్తే లోపల చిన్న పసుప్పచ్చని పువ్వు దాక్కొని ఉంటుంది. పసుపు కణాల్లో క్రోమోజోములు మూడు జట్లుగా ఉంటాయి కాబట్టి గింజ కట్టడం అరుదు. రైతు కొమ్ములనో గోళలనో విత్తనంగా పెట్టుకుంటాడు. ఆర్మూర్ ప్రాంతపు పంట నిజామాబాద్ మార్కెట్‌కు చేరేదీ కాడి (కొమ్ము), గోళ అనే ఈ దుంపల రూపంలోనే.

పువ్వు అర్థం విస్తరించడం తెలుగు ఒక్కదానికే పరిమితం కాదు. డచ్చి భాషలో బ్లూమ్ అంటే పువ్వు, జల్లించి పొట్టు తీసిన మెత్తటి గోధుమపిండి కూడా. పిండిలో శ్రేష్ఠమైన భాగాన్ని ఐరోపా వాళ్లు దాని పువ్వుగా భావించారు. ఇంగ్లీషులో పువ్వుకూ పిండికీ ఒకే ఉచ్చారణ ఉండటం ఇందువల్లే.   

మసాలా డబ్బాలో పువ్వు పేరు మోసేవాటిని గమనిస్తే మాట తీరు బాగా తెలుస్తుంది. అనాసపువ్వు ఒక చెట్టు కాయ. దక్షిణ చైనా, వియత్నాంలలో పండుతుంది. ఎనిమిది కోణాల్లో ఒకదాన్ని విరిస్తే లోపల నున్నగా మెరిసే గోధుమరంగు గింజ ఉంటుంది. రాతిపువ్వు మొక్కే కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతుకుతూ బండలమీద, చెట్ల బెరడుమీద పొరగా పెరిగేది. కుంకుమపువ్వు ఊదారంగు పువ్వులోని మూడు ఎర్రటి కీలాగ్రాలు మాత్రమే. విచ్చుకోని నిజమైన మొగ్గ అయిన లవంగానికి మాత్రం వాడుక తెలుగులో పువ్వు పేరు దక్కలేదు. మొగ్గలా మూసుకుని కనిపించేదాన్ని పువ్వనలేదన్న మాట.

కంటి పువ్వు ఈ అర్థాలన్నిటిలోకీ బాధాకరమైనది. నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొర పుండుపడి మానితే తెల్లటి మచ్చ మిగులుతుంది. “కంట్ల పువ్వు పూసింది” అని ఊళ్లో చెప్పుకునేది దీన్నే. సంస్కృత పుష్ప శబ్దానికీ ఈ అర్థం ఉంది. ఇది శుక్లం కాదు. శుక్లం కంటి లోపలి కటకం మసకబారడం, పువ్వు పైపొరమీది మచ్చ. ఈ తేడా తెలియక మామూలు శుక్లం ఆపరేషన్‌తో పోతుందని ఎదురుచూసేవాళ్లు ఉంటారు కాబట్టి గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఒకప్పుడు మశూచి, విటమిన్ ఎ లోపం దీనికి ప్రధాన కారణాలు. మశూచి దేశంలో 1975తో ఆగిపోయింది. విటమిన్ ఎ లోపంపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగా, చిన్నపిల్లలకు ఆర్నెల్లకోసారి ఒక మోతాదు విటమిన్ ఎ మందు వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. ఇప్పుడు పొలంలో వరి ఆకో, కంకో కొట్టుకుని అయిన పుండు ముదరడం పల్లెల్లో పెద్ద ప్రమాదం. కంట్లో నాటు పసర్లు పిండుకోవడం దాన్ని మరింత పెంచుతుంది. బాగా ముదిరిన పువ్వుకు దానంగా వచ్చిన కంటిపొరను అమర్చడమే చికిత్స. 1987లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ శస్త్రచికిత్సకు పేరు మోసింది.

కొబ్బరికాయలో పువ్వు దీనికి పూర్తిగా భిన్నం, శుభానికి గుర్తు. గుడిలో కాయ కొట్టగానే లోపల లేతపసుపు ముద్ద కనిపిస్తే కోరిక ఫలిస్తుందని, కొత్త దంపతులైతే సంతానం కలుగుతుందని నమ్మకం. మొలక పుట్టిన కాయలో కొబ్బరినీ నీళ్లనూ పీల్చుకుని మొలకకు అందించడానికి పెరిగే భాగం అది. తినడానికి తియ్యగా, బెండులా ఉంటుంది. సంతానపు నమ్మకం మొలకెత్తిన కాయ చుట్టూ అల్లుకోవడంలో ఎంతో సహజత్వం ఉంది.

పూలు పూలుగానే పూజలందుకునే సందర్భం బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలను తాంబాళంలో వరుసలుగా పేర్చి, పైన గుమ్మడిపువ్వుమీద పసుపు గౌరమ్మను నిలుపుతారు. గునుగు చేలల్లో కలుపుగా లేచే మొక్క. దాని తెల్లటి కంకి కొసలను రంగునీళ్లలో ముంచి వాడతారు. గునుగైనా బంతైనా శాస్త్రం ప్రకారం ఒక్క పువ్వు కాదు, వందలాది చిన్నపూల గుత్తి. కూరగా వండే కోసుపువ్వు కూడా విచ్చుకోని గుత్తే. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

మిగిలిన వాడుకలు చిన్నవి. నిప్పురవ్వలు చిమ్మే దీపావళి వత్తి కాకరపువ్వొత్తి. జారుపిండిలో ముంచిన ఇనప అచ్చును కాగిన నూనెలో దించి తీసే కరకరలాడే వంట గులాబీపువ్వులు. ఇక్కడ పిండీ పువ్వూ వంటింట్లోనే కలుస్తాయి. చెవిలో పువ్వు పెట్టడం మోసం చేయడం, పువ్వుల్లో పెట్టి చూసుకోవడం అపురూపంగా సాకడం, మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగడం వృద్ధి. ఎన్నికలప్పుడు పల్లెల్లో పువ్వు గుర్తంటే భారతీయ జనతా పార్టీ కమలం.