ఉన్ని తివాచీల సంరక్షణ

ఉన్ని తివాచీ అనగా పడుగు పేకల నేతపై ఉన్ని పోగులను ముడులుగా వేసి తయారుచేసే పరుపు. ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు ఈ నేతకు ప్రసిద్ధి చెందినది. వరంగల్లులో నేసే జంపఖానాలు ప్రధానంగా నూలుతో చేసినవి. నూలును ఉతికే పద్ధతులు ఉన్నికి పనికిరావు. సరైన సంరక్షణ ఉంటే ఉన్ని తివాచీ కొన్ని తరాలపాటు మన్నుతుంది.

ఉన్ని స్వభావం

ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తు. క్షారాలు దీనిని బలహీనపరుస్తాయి. కాబట్టి చాకలి సోడా, బ్లీచింగు పౌడరు, మాంసకృత్తులను కరిగించే ఎంజైములు గల డిటర్జెంట్లు వాడరాదు. ఉన్ని పోగుపై చేప పొలుసులను పోలిన సూక్ష్మమైన పొరలుంటాయి. వేడినీరు, సబ్బు, రాపిడి కలిసినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి చిక్కుకొని, ఉన్ని గట్టిపడి ముడుచుకుపోతుంది. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం వరకు తేమను పీల్చుకొన్నా చేతికి తడి తగలదు. అందువలన పైకి ఆరినట్లు కనిపించే తివాచీ లోపల చెమ్మగానే ఉండవచ్చు.

దుమ్ము తొలగించడం

అడుగున చేరిన ఇసుక రేణువులు నడిచినప్పుడల్లా పోగుల మొదళ్ళను కోస్తాయి. కనుక వారానికి ఒకసారైనా దుమ్ము తీయాలి. వాక్యూం క్లీనరును పోగులు వాలిన దిశలోనే నడపాలి. తిరిగే బ్రష్షును అంచు కుచ్చులకు తగలనీయరాదు. అప్పుడప్పుడు తివాచీని తిరగవేసి వెనుకవైపు కూడా శుభ్రపరచాలి. కొత్త తివాచీ నుండి కొన్ని నెలలపాటు నూగు రాలడం సహజం, అది లోపం కాదు.

మరకలు

* ద్రవం ఒలికిన వెంటనే తెల్లని పొడిగుడ్డతో అద్దాలి. రుద్దితే మరక లోపలికి దిగుతుంది. అంచు నుండి మధ్యకు రావాలి.
* శుభ్రపరిచే ముందు మూలన తడిగుడ్డను కొద్దిసేపు ఒత్తి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఇంటిలో తడపరాదు.
* నూనె మరకపై మొక్కజొన్న పిండి చల్లి, కొన్ని గంటల తరువాత దులపాలి.
* పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ముందుగా చన్నీటితో అద్దడం మేలు.
* తడిసిన భాగాన్ని నీడలో, గాలి పైనా క్రిందా తగిలేలా ఆరబెట్టాలి. చెమ్మ నిలిస్తే నూలు పడుగు కుళ్ళుతుంది.

పురుగులు

బట్టల చిమ్మటల, తివాచీ పెంకుపురుగుల లార్వాలు కెరటిన్‌ను తింటాయి. చీకటిగా, కదలిక లేని చోట, ముఖ్యంగా బీరువాల క్రింద ఇవి పెరుగుతాయి. తరచుగా కదల్చడం, వెనుకవైపు శుభ్రపరచడం ఉత్తమ నివారణ. పురుగు పట్టిన చిన్న తివాచీని పాలిథీను సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చలిలో రెండు వారాలుంచితే లార్వాలు చనిపోతాయి.

కలరా ఉండలుగా పిలిచే నాఫ్తలీన్ గోళీలను పసిపిల్లలున్న ఇంటిలో వాడడం ప్రమాదకరం. పిల్లలు వాటిని మిఠాయి అనుకొని మింగవచ్చు. జి6పీడీ అనే ఎంజైము లోపం గల శిశువులలో, ఆ ఆవిరి సోకిన బట్టలు తగిలినా, ఎర్ర రక్తకణాలు చిట్లి తీవ్రమైన కామెర్లు రావచ్చు.

వెలుతురు, నిలువ

ఎండ అద్దకపు రంగులను వెలిసిపోయేలా చేస్తుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1539-40 నాటి అర్దబిల్ తివాచీకి ప్రతి అరగంటకు పది నిమిషాలు మాత్రమే దీపాలు వెలిగించే ఏర్పాటు చేయడానికి కారణమిదే. ఇంటిలో ఆరునెలలకొకసారి తివాచీ దిశను మార్చితే రంగు, అరుగుదల సమంగా ఉంటాయి. నిలువ చేయునపుడు మడతపెట్టక, పూర్తిగా శుభ్రపరచి ఆరబెట్టి, గొట్టానికి చుట్టి, నూలుగుడ్డ కప్పి, నేలకు ఎత్తున ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* ఉన్ని
* ఏలూరు
* చేనేత